వెలెన్ పల్లపు నేలలో: ‘ది విచర్ 3’ మీద ఒక లంకవాసి అంచనా

గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఉన్న మా లంక గ్రామంలో కూర్చుని ‘ది విచర్ 3: వైల్డ్ హంట్’ అనే గేమ్‌ను నేను రెండుసార్లు ఆద్యంతం ఆడాను. మొదటిసారి 2017 వేసవిలో, ఎండకు పగలంతా బయటకు వెళ్లలేని రోజుల్లో ఆడాను. రెండవసారి 2023 వర్షాకాలంలో, ఏటికి ఎర్రనీరు వచ్చి రేవులో పడవలు ఆగిపోయినప్పుడు మొదలుపెట్టి దీపావళి నాటికి ముగించాను. మధ్యలో ఆరేళ్ల ఎడం ఉండడం వల్ల, అప్పుడు మెచ్చుకున్నవాటిలో ఏవి నిలిచాయో, అప్పుడు విసిగించినవాటిలో ఏవి ఇప్పటికీ విసిగిస్తున్నాయో తేల్చుకోవడానికి వీలు కలిగింది. కథలోని ముఖ్యమైన మలుపులను దాచకుండా రాయక తప్పదు కనుక, ఇంకా ఆడనివారు ముందు ఆడి, తరువాత దీన్ని చదవడం మంచిది.

పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ ఈ గేమ్‌ను 2015 మే 19న విడుదల చేసింది. 2007లోను, 2011లోను వచ్చిన రెండు గేమ్‌లకు ఇది కొనసాగింపు. డబ్బు తీసుకుని భూతాలను వేటాడే ‘విచర్’ గెరాల్ట్, తాను కూతురిలా పెంచిన సిరిని వెతుక్కుంటూ యుద్ధంలో నలిగిన దేశాల గుండా సాగిపోవడం స్థూలంగా కథ. 5 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైన ఈ గేమ్‌కు బొమ్మల నాణ్యత ఇంత, సంగీతం ఇంత, పోరాటం ఇంత అని విడివిడిగా మార్కులు వేసిన సమీక్షలకు కొదవ లేదు. నేను చూడదలచినది వేరు. ఈ గేమ్ తాను సృష్టించిన నేలను తాను ఎంతవరకు నమ్మింది, ఎక్కడ నమ్మలేక అంకెలను, గుర్తులను ఆశ్రయించింది అన్నదే నా విచారణ.

ఆ నేలలో నాకు అన్నిటికంటె దగ్గరైనది వెలెన్. రెండు సైన్యాల మధ్య చిక్కి ఎవరికీ కాకుండా పోయిన పల్లపు ప్రాంతం అది. కాస్త మిట్ట దొరికిన చోట ఇళ్లు, చుట్టూ రెల్లు పెరిగిన మడుగులు, నీరు ఎప్పుడు పైకి వస్తుందో తెలియని దారులు, ఒడ్డున తలకిందులుగా పడేసిన పడవలు ఉంటాయి. గాలి పెరిగేకొద్దీ చెట్ల తలలన్నీ ఒకే వైపుకు ఒరిగి, ఆకాశం మసకబారి, వాన మొదలుకాగానే ఊరి జనం చూరుల కిందకు పరుగెత్తుతారు. మామూలు రోజున కూడా అక్కడి చెట్లు అతిగా ఊగుతాయని కొందరు తప్పుపట్టారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ 1996 నవంబరు తుపాను నాడు కొబ్బరిచెట్ల మొవ్వులు మెలితిరిగిపోవడం చిన్నతనంలో కళ్లారా చూసిన నాకు, గాలిని ఇంత శ్రద్ధగా గమనించినవారు ఈ గేమ్ తయారుచేశారన్న గౌరవమే కలిగింది. గాలివాన అంటే తెర మీద గీసిన నాలుగు గీతలు కావని వారికి తెలుసు.

ఈ నేలలో గెరాల్ట్ స్థానం ఏమిటన్నది మా ప్రాంతంవారికి విడమరచి చెప్పనక్కరలేదు. మా చేలగట్ల మీద కోతల కాలంలో పాము కనబడితే, పాములు పట్టేవాడికి కబురు వెళుతుంది. వచ్చేవరకు అందరూ అతని కోసం ఎదురుచూస్తారు; పాము బుట్టలో పడిన మరుక్షణం డబ్బు దగ్గర బేరం మొదలవుతుంది, అరుగు మీద కూర్చోమనేవారు మాత్రం ఉండరు. గెరాల్ట్‌కు కూడా అదే మర్యాద దక్కుతుంది. భూతాన్ని చంపమని వేడుకున్న ఊరే అతన్ని చూసి ఉమ్ముతుంది, పిల్లల్ని లోపలికి లాక్కుంటుంది. పనికి ముందు కూలి బేరమాడే ఏర్పాటు గేమ్‌లో ఉంది. మరీ ఎక్కువ అడిగితే ఎదుటి మనిషికి చిరాకు పెరిగి బేరం చెడుతుంది. పూట గడవని రైతు ఇరవై నాణేలు లెక్కపెట్టి ఇస్తున్నప్పుడు ఇంకో అయిదు అడగాలా వద్దా అన్న సంకోచం ఆడేవాడికి నిజంగానే కలుగుతుంది. కత్తియుద్ధం కంటె ఈ బేరాలే నాకు గెరాల్ట్‌ను బాగా పరిచయం చేశాయి.

భూతాలు పుట్టే తీరు ఈ గేమ్‌కు ఉన్న అసలు బలం. మొదటి ప్రాంతమైన వైట్ ఆర్చర్డ్‌లో పాడుబడిన పల్లె ఒకటి ఉంది. అక్కడి బావి దగ్గర మిట్టమధ్యాహ్నం ఒక స్త్రీ ప్రేతం తిరుగుతుంది. మిట్టమధ్యాహ్నం దయ్యాలు తిరుగుతాయి, ఒంటరిగా తోటల్లోకి వెళ్లకండి అని విని పెరిగినవాళ్లం కనుక, పోలండ్ వంటి స్లావిక్ దేశాల జానపదంలోనూ అదే నమ్మకం ఉందని తెలిసినప్పుడు నాకు ఆశ్చర్యంతో పాటు చుట్టరికం కూడా తోచింది. వెతికితే బావిలో తాడుకు వేలాడుతున్న ఎముకలు కనబడతాయి. అడుగున నీళ్లలో ఆమె కంకణం ఉంటుంది. రెండింటినీ కలిపి దహనం చేస్తేగాని ప్రేతాన్ని ఈ లోకానికి కట్టిన ముడి విడదు. ఈ పని అప్పగించిన మనిషికి కావలసింది వీరగాథ కాదు, జబ్బుపడిన కూతురికి ఆ బావి నీళ్లు. హత్య, జరగని దహనం, పాడైన బావి, జబ్బుపడిన పిల్ల అన్నీ ఒకే గొలుసుగా కనబడతాయి. అదే ప్రాంతంలో మనుషుల మీద పడుతున్న గ్రిఫిన్ అనే రెక్కల మృగం కూడా సైనికులు దాని జతను చంపి గూడు తగలబెట్టిన తరువాతనే ఊళ్ల మీదకు వచ్చింది. గెరాల్ట్ చంపేది భూతాన్నే అయినా, దాన్ని పుట్టించిన అన్యాయం ఎవరిదో తెలుసుకున్నాకనే చంపుతాడు.

ఈ విషయంలో గేమ్ అందుకున్న శిఖరం బ్లడీ బారన్ కథ. తాగి భార్యను కొట్టిన ఒక సైనికాధికారి, ఆ దెబ్బల మధ్య కడుపులోనే పోయిన బిడ్డ, పేరు పెట్టకుండా, తంతు జరపకుండా పూడ్చిన ఆ బిడ్డ వికృతరూపంతో లేచి తిరగడం అందులోని విషయం. గెరాల్ట్ దాన్ని నరికి చంపవచ్చు. లేదా తండ్రి చేతనే ఎత్తించి, ఇంటి గడప దాకా తెప్పించి, క్షమాపణ అడిగించి, పేరు పెట్టించి, గడప కింద పూడ్పించవచ్చు. రెండవసారి ఆడినప్పుడు మా మామ్మ నా వెనుక మంచం మీద కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. తెర మీద ఆ మనిషి గజగజ వణుకుతూ ఆ రూపాన్ని గుండెకు హత్తుకుని నడుస్తుంటే, చేతిపని ఆపి, “ఎవర్రా ఆ పసిగుడ్డు? ఎందుకలా ఉంది?” అని అడిగింది. సంగతి చెప్పాను. బారన్ ఆ బిడ్డకు డియా అని పేరు పెట్టి కూతురిగా స్వీకరించే మాటలు పలికినప్పుడు, నేను అనువదించి చెప్పకముందే, “పేరు పెట్టాడా నాన్నా? అయితే ఇంక తిరగదులే” అంది. ఆ తరువాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా ఇళ్లలో పేరు పెట్టకముందే పోయిన బిడ్డల గురించి ఎవరూ పైకి మాట్లాడరు. ఆ మౌనం వెనుక ఎందరు తల్లులు ఉన్నారో ఆ రాత్రి నాకు తట్టింది. ఒక వీడియో గేమ్ ఎనభై ఏళ్లు దాటిన మనిషికి మాటల అవసరం లేకుండా అర్థమయిందంటే, ఆ దృశ్యాన్ని కట్టినవారు తంతు అంటే ఏమిటో లోతుగా ఎరిగినవారని నేను నమ్ముతున్నాను.

ఆ కథ అక్కడితో ఆగదు. బారన్ భార్య ఆనా చిత్తడి అడవిలోని ముగ్గురు మంత్రగత్తెల చేతిలో చిక్కుకుని, అనాథ పిల్లలను సాకుతూ ఉంటుంది. ఒక దిబ్బ కింద బంధింపబడిన ఆత్మను విడిపిస్తే ఆ పిల్లలు బతుకుతారు. కానీ పొరుగు పల్లె నాశనమవుతుంది, ఆనా శాపగ్రస్తురాలై చనిపోతుంది, బారన్ ఉరివేసుకుంటాడు. ఆత్మను చంపితే పిల్లలు మంత్రగత్తెలకు ఆహారమవుతారు. ఆనా మతి చలించినా ప్రాణాలతో మిగులుతుంది, బారన్ ఆమెను వైద్యం కోసం కొండల్లోకి తీసుకుపోతాడు. నిర్ణయం తీసుకునే క్షణంలో ఇవేవీ ఆడేవాడికి తెలియవు, ఫలం చాలా ఆలస్యంగా అందుతుంది. మంచి మార్గం, చెడ్డ మార్గం అని తక్కెడలో తూచి చూపే గేమ్‌ల కంటె ఇది ఎంతో ముందుకు వెళ్లింది. ఆ ఆలస్యం కారణంగానే, మళ్లీ వెనక్కు వెళ్లి నిర్ణయం మార్చుకోవాలన్న ఆశ కూడా నాకు కలగలేదు.

లోపాల్లో మొదటిది ఈ బలానికే తగిలిన దెబ్బ. ఆనవాళ్లను చదవడం గెరాల్ట్ వృత్తి అని గేమ్ చెబుతుంది కానీ ఆ చదివే పనిని ఆడేవాడికి అప్పగించదు. ఒక మీట నొక్కి పట్టుకుంటే రక్తపు మరకలు, అడుగుజాడలు, గోటి గీరలు అన్నీ ఎర్రగా వెలుగుతాయి. ఒక్కొక్కదాని దగ్గరకు వెళ్లి నొక్కితే దాని అర్థం కూడా గెరాల్టే బిగ్గరగా చెప్పుకుంటాడు. వరద రోజుల్లో మా ఏటిగట్టు మీద రాత్రి కాపలా తిరిగే పెద్దవాళ్లు గట్టు వెలుపలి వైపు చిన్న ఊట కనబడితే లాంతరు దించి నీటి రంగు చూస్తారు. తేటనీరు వస్తే కనిపెట్టి ఉంటారు. మట్టినీరు వస్తే గట్టు లోపల మన్ను కొట్టుకుపోతోందని గ్రహించి వెంటనే ఇసుక బస్తాలకు కేక వేస్తారు. ఆ ఒక్క చూపులో ఊరి ప్రాణం ఉంటుంది. గెరాల్ట్ అటువంటి చూపున్న మనిషి. ఆ చూపును ఒక్కసారైనా నా చేతికిచ్చి, నేను పొరపడితే నష్టం నాకే తగిలేలా చేసి ఉంటే, ఈ గేమ్‌కు సాటి ఉండేది కాదు. అటువంటి సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలిన దర్యాప్తులన్నీ ఎర్రగీత వెంట నడకలే.

రెండవ లోపం లెవెళ్లు, అంటే ఎవరి బలం ఎంతో చెప్పే అంకెలు. వైట్ ఆర్చర్డ్‌లో ఒక్క వేటుకు పడిపోయే నీటిభూతం, తల మీద పెద్ద అంకె ఉంటే మరో చోట అదే రూపంతో గెరాల్ట్‌ను నిలువునా కూల్చేస్తుంది. గ్రిఫిన్‌ను చంపినవాడు దారిదోపిడీగాళ్ల గుంపులో ఒకడి తల దగ్గర పుర్రె గుర్తు చూసి పారిపోవలసి వస్తుంది. గెరాల్ట్‌కు అప్పగించే పనులైన క్వెస్టులకు కూడా లెవెళ్లు ఉన్నాయి. వాటిని దాటిపోయాక చేస్తే లెవెల్ పెంచే అనుభవపు పాయింట్లు దాదాపు దక్కవు. ఫలితంగా, ఏ ఊరివారి గోడు ముందు వినాలన్నది వారి కష్టాన్ని బట్టి కాక పక్కనున్న అంకెను బట్టి తేల్చుకునే అలవాటు ఆడేవాడికి తెలియకుండానే అబ్బుతుంది. కన్నీటితో చెప్పిన కథ, జాబితాలో బూడిదరంగుకు మారిన ఒక వరుసగా మిగలడం నన్ను చాలా బాధించింది. శత్రువుల బలాన్ని మన స్థాయికి పెంచే మీట తరువాతి అప్‌డేట్‌లో వచ్చింది కానీ, అది వ్యాధికి పైపూత మాత్రమే.

ఆయుధాల విషయంలోనూ ఇదే జరిగింది. తాతల నాటి కత్తి అని కథ పొగిడిన వస్తువు కంటె అరగంట తరువాత ఒక పెట్టెలో దొరికిన తుప్పు కత్తికి ఎక్కువ అంకె ఉంటుంది. పిచికారీ చేసినట్టు ప్రతి ఇంట్లోనూ చల్లిన సామగ్రిని ఏరుకుంటూ, బరువు మించితే అమ్ముకుంటూ గడిపిన గంటలు నాకు ఏ జ్ఞాపకమూ మిగల్చలేదు.

పోరాటం గురించి మధ్యేమార్గంగా చెబుతాను. భూతాలను వివరించే గ్రంథం గేమ్‌లో అద్భుతంగా రాయబడింది. దేనికి ఏ నూనె కత్తికి పూయాలో, ఏ మందు తాగాలో, ఏ మంత్రచిహ్నం పనిచేస్తుందో అందులో ఉంటుంది. ప్రేతాన్ని యర్డెన్ అనే మంత్రచిహ్నపు వలయంలోకి లాగితేనే దానికి శరీరం ఏర్పడి దెబ్బ తగలడం వంటివి కథకూ పోరాటానికీ మంచి ముడి వేశాయి. కానీ మామూలు కష్టస్థాయిలో ఆ గ్రంథం తెరవకుండానే, క్వెన్ అనే రక్షణ కవచాన్ని మళ్లీమళ్లీ వేసుకుంటూ, పక్కకు తప్పుకుంటూ కొడితే గేమ్ మొత్తం గడిచిపోతుంది. రెండవసారి అన్నిటికంటె కఠినమైన ‘డెత్ మార్చ్’ స్థాయిలో ఆడాను. అప్పుడు మాత్రమే నూనెలు, మందులు అక్కరకు వచ్చాయి, భూతం గురించి తెలుసుకుని వెళ్లడం ప్రాణాలు కాపాడింది. ఈ వృత్తికి తగిన కష్టం అదే కనుక, ఓపిక ఉన్నవారు ఆ స్థాయినే ఎంచుకోవాలని నా సలహా.

నీటి దగ్గరకు వస్తే నా అసంతృప్తి పెరుగుతుంది. స్కెల్లిగె దీవుల సముద్రం చూడడానికి గంభీరంగా ఉంటుంది. కానీ ఆ సముద్రానికి పోటూ లేదు, పాటూ లేదు. తెరచాప ఎటు తిప్పినా పడవ ఒకే తీరున ముందుకు పోతుంది. గాలి ఎదురైనా వాలైనా తేడా లేదు. చెట్ల మీద అంత శ్రద్ధగా కనిపించిన గాలి తెరచాప దగ్గరకు వచ్చేసరికి మాయమైపోయింది. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పడవ నడిపేవారికి, ఏ వేళ బయలుదేరాలన్నది పోటు నిర్ణయిస్తుంది, మనిషి కాదు. దీవుల మీద బతికే నావికుల సమాజాన్ని చూపుతూ ఆ నిర్ణయాన్ని వదిలేయడం పెద్ద లోటు. దానికి తోడు, ఆ నీటి మీద దొంగసరుకు మూటలను పదుల సంఖ్యలో తేల్చి, ఒక్కొక్కదానికి మ్యాప్‌లో ఒక ప్రశ్నార్థకం పెట్టారు. ఒక్కొక్కచోట సైరెన్లు అనే ఎగిరే భూతాలను చంపి, మునిగి, పెట్టె తెరిచి, మళ్లీ పడవెక్కాలి. వాటిలో ఏ ఒక్కదాని వెనుకా బావి దగ్గరి కథ వంటిది లేదు. మొదటిసారి వాటన్నిటినీ పూర్తిచేయాలని కూర్చుని రెండు వారాలు పోగొట్టుకున్నాను.

ప్రధాన కథ మీద నా అభిప్రాయం మిశ్రమం. సిరి ప్రాణం మీదకు వచ్చిందని కథ తొందరపెడుతుంటే, గేమ్ మాత్రం గ్వెంట్ పేకలు ఆడుకోమని, గుర్రప్పందాలకు వెళ్లమని పిలుస్తుంది. గ్వెంట్ మంచి ఆటే, నేనూ మక్కువతోనే ఆడాను. ఆ పిలుపుకు కథలో చోటు లేకపోవడమే ఇబ్బంది. సిరిని వెంటాడే వైల్డ్ హంట్ అనే దండుకు నాయకుడైన ఎరెడిన్ కవచం తప్ప మరేమీ కాదు. వైట్ ఆర్చర్డ్ సత్రంలో మొదట్లోనే సాదాసీదా వ్యాపారిలా పలకరించి వెళ్లిపోయే గాంటర్ ఓ’డిమ్, 2015 అక్టోబరులో వచ్చిన ‘హార్ట్స్ ఆఫ్ స్టోన్’ అనే అనుబంధ కథలో తిరిగివచ్చి, గొంతు పెంచకుండానే ఎరెడిన్ కలిగించలేని భయాన్ని కలిగిస్తాడు. అయితే సిరి కథ ముగింపును నిర్ణయించే తీరు మాత్రం నాకు ఎంతో నచ్చింది. ఆమె కుంగిపోయి కూర్చున్నప్పుడు పెద్దరికంతో ఓదార్చి మద్యం పోయాలా, లేక బయటకు తీసుకుపోయి మంచుముద్దలు విసురుకుంటూ ఆడించాలా అన్నటువంటి కొద్దిపాటి సందర్భాలు కలిసి ఆమె భవిష్యత్తును నిర్ణయిస్తాయి. పిల్లల మీద నమ్మకం ఉంచిన తండ్రికీ, అడుగడుగునా అడ్డుపడే తండ్రికీ దక్కే ఫలితాలు వేరు. యుద్ధంలో గెలుపుతో నిమిత్తం లేకుండా పెంపకంతో ముగింపును ముడిపెట్టిన గేమ్‌ను నేను మరొకటి చూడలేదు.

గుర్రం కంచెల దగ్గర నిలబడిపోవడం వంటి చిన్న చికాకులు ఉన్నాయి. వాటి మీద సమయం పెట్టను.

2022 డిసెంబరులో ఉచితంగా ఇచ్చిన అప్‌డేట్‌లో, మ్యాప్‌లోని ప్రశ్నార్థకాలను మొదటి నుంచే దాచి ఉంచే ఏర్పాటు చేశారు. ఎత్తు నుంచి పడితే కలిగే దెబ్బను కూడా తగ్గించారు. ఏడేళ్ల తరువాత ఆ గుర్తులను దాచడంలో, అవి నేలకు అడ్డుగా నిలిచాయన్న అంగీకారం ఉందని నేను అనుకుంటున్నాను. అందువల్ల రెండవసారి నేను మరో అడుగు వేసి, తెర మూలన ఉండే చిన్న మ్యాప్‌ను కూడా తీసేసి ఆడాను. చాలా క్వెస్టులు దీనికి అనుకూలంగా తయారుకాలేదు. ఫలానా వ్యక్తి ఫలానా ఊరికి ఉత్తరాన ఉన్నాడని ఎవరూ నోటితో చెప్పరు, చుక్కను చూసి వెళ్లాల్సిందే. అటువంటప్పుడు మ్యాప్ తెరిచి, మూసి, గుర్తుపెట్టుకుని నడిచాను. శ్రమ పెరిగింది కానీ వెలెన్‌లో ఏ వాగు ఎటు మలుపు తిరుగుతుందో, ఏ చెట్టు కింద ఉరితీసిన శవాలు వేలాడుతున్నాయో మొదటిసారిగా తెలిసింది.

ముగ్గురు మంత్రగత్తెలు ఉండే క్రూక్‌బ్యాక్ చిత్తడిలోకి వెళ్లేటప్పుడు సెలవులకు వచ్చిన మా మేనల్లుడు పక్కన ఉన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు. ఎటు వెళ్లాలో తోచక నేను మళ్లీ మ్యాప్ తెరవబోతుంటే, “ఆగు మావయ్యా, ఆ కొమ్మకి చూడు” అన్నాడు. కొమ్మకు మిఠాయి వేలాడుతోంది. కొంచెం ముందుకు వెళితే మరొకటి. అనాథ పిల్లలను అడవిలోకి రప్పించడానికి మంత్రగత్తెలు కట్టిన దారి అది. మొదటిసారి ఆడినప్పుడు తెర మూలనున్న చుక్కల వెంట ఇదే దారిన నడిచి కూడా ఆ మిఠాయిలను నేను గమనించలేదు. వాడు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తుంటే గెరాల్ట్‌ను నడిపించాను. నాలుగో మిఠాయి దగ్గర వాడి గొంతు తగ్గింది. “ఇవి పిల్లల కోసం పెట్టారు కదా?” అని అడిగి, నా కుర్చీకి దగ్గరగా జరిగాడు.